రిమోట్‌లో ఆ ఒక్క బటన్

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి మా హాస్టల్ రూమ్‌లో పెద్ద గొడవ. కారణం మెస్‌లో సాంబారు కాదు, క్రికెట్ అంతకన్నా కాదు. ఎవడో ఫోన్‌లో ఛోటా భీమ్ పాత ఎపిసోడ్ ముక్క ఒకటి పెట్టాడు. ఐదు నిమిషాల్లో పక్క రూముల వాళ్ళు కూడా వచ్చి మంచాల మీద చేరిపోయారు. ఒకడు డోరెమాన్ గొప్ప అన్నాడు, ఇంకొకడు షిన్‌చాన్ అన్నాడు, మూలన కూర్చున్నవాడు నింజా హట్టోరి పేరెత్తాడు. గంటసేపు కొట్టుకుని చివరికి అందరూ ఒకే మాట మీదకి వచ్చారు. "మన చిన్నప్పటి కార్టూన్లే కార్టూన్లురా. ఇప్పటి పిల్లలకి ఏముంది? అంతా చెత్త."

నేనూ తల ఊపాను. కానీ లైట్ తీసేసి పడుకున్నాక ఆ మాట మీద నాకే అనుమానం వచ్చింది. మనం పోగొట్టుకున్నది నిజంగా కార్టూన్లేనా? అవేమీ ఎక్కడికీ పోలేదు కదా. ఆ రాత్రి మేం చూసిందే దానికి సాక్ష్యం. ఫోన్‌లో వెతికితే అన్నీ దొరుకుతున్నాయి. మరి పోయిందేంటి? ఇది ఆలోచించడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, రాయడానికి ఇంకో వారం పట్టింది. ఒత్తులు తప్పు పోతే మన్నించండి.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. మర్నాడు క్లాసులు అయ్యాక ఛోటా భీమ్ ఎపిసోడ్లు మూడు వరసగా చూశాను. పందొమ్మిదేళ్ళ వయసులో చూస్తే మూడూ ఒకే కథలా ఉన్నాయి. కాలియా ఏదో కుట్ర చేస్తాడు, ఢోలూ భోలూ తందానా అంటారు, ఢోలక్‌పూర్‌కి ఏదో ఆపద వస్తుంది, భీమ్ లడ్డూ తింటాడు, నాలుగు గుద్దులు గుద్దుతాడు, అయిపోయింది. చుట్కీ పని ఎక్కువగా ఆ లడ్డూ అందించడమే. మనుషులు నడుస్తుంటే కాళ్ళు ఒకేలా ఊగుతుంటాయి, మాట్లాడుతుంటే నోరు ఒక్కటే కదులుతుంది. చిన్నప్పుడు ఇవేవీ నాకు కనిపించలేదు.

దీనికి కారణం వాళ్ళ బద్ధకం కాదు, లెక్క. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఏడు నిమిషాల కార్టూన్ అంటే 10,080 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టినా ఐదు వేలకు పైగా బొమ్మలు చేత్తో గీయాలి. హన్నా, బార్బెరా అనే ఇద్దరు అమెరికాలో ఎంజీఎం స్టూడియో కోసం 1940 నుంచి టామ్ అండ్ జెర్రీ చేసింది ఈ పద్ధతిలోనే. వాళ్ళు చేసిన 114 చిన్న సినిమాలకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. అయినా ఖర్చు గిట్టుబాటు కాక 1957లో ఎంజీఎం ఆ విభాగాన్నే మూసేసింది. అప్పుడు ఆ ఇద్దరూ సొంతంగా కంపెనీ పెట్టి టీవీ వైపు వచ్చారు. టీవీ వాళ్ళిచ్చే డబ్బుకి ఐదు వేల బొమ్మలు గీస్తే ఇల్లు గుల్లవుతుంది. అందుకని ఒంటిని కదలకుండా ఉంచి తల మాత్రం కదిపే పద్ధతి వాడారు. యోగి బేర్ ఎలుగుబంటి మెడలో కాలర్ ఎందుకుంటుందో తెలుసా? తల ఒక బొమ్మ, ఒళ్ళు ఇంకో బొమ్మ. ఆ రెంటికీ మధ్య అతుకు కనపడకుండా ఉండటానికి.

ఇప్పుడు అదే పని కంప్యూటర్ చేస్తోంది. ఒక పాత్రకి చేతులు, కాళ్ళు, కళ్ళు, నోళ్ళు విడివిడిగా తయారు చేసిపెట్టుకుని, తోలుబొమ్మల్లా కదుపుతారు. మా ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే ఒకసారి రాసిన ఫంక్షన్‌ని వందసార్లు పిలవడం. కాబట్టి "పాత కార్టూన్లలో ప్రాణం ఉండేది, ఇప్పుడు కంప్యూటర్ వచ్చి చంపేసింది" అనే వాదన మన తరానికి చెల్లదు. మనం చూసినవాటిలో చాలా వరకు కంప్యూటర్ వచ్చాక చౌకగా చుట్టేసినవే.

పైగా ఈ "మా రోజుల్లో" అనే జబ్బు వంశపారంపర్యం. నాన్నకి ఫోన్ చేసి ఆయన చిన్నప్పటి కార్టూన్ ఏదని అడిగాను. ఆలోచించకుండా చెప్పారు, "జంగిల్ బుక్. ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో. అలాంటిది మళ్ళీ రాలేదు." అది 1993 సంగతి, ఆయన అప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఆ సీరియల్ అసలు 1989లో జపాన్ వాళ్ళు తీసింది. మనకి హిందీలో వచ్చింది, పాట రాసింది గుల్జార్. "మీకప్పుడు హిందీ వచ్చా నాన్నా?" అన్నాను. "ఎక్కడొచ్చు? బొమ్మలు చూసి అర్థం చేసుకునేవాళ్ళం. ఎలుగుబంటి మంచిది, పులి చెడ్డది, అంతే" అన్నారు.

ఆ మాట దగ్గర నాకు బుర్ర వెలిగింది. మా నాన్నకి దొరకనిదీ, నాకు దొరికిందీ ఒకటి ఉంది. అది రిమోట్‌లో భాష మార్చే బటన్.

మా ఇంట్లో అప్పట్లో కేబుల్ కనెక్షన్. కేబుల్ అంకుల్ ఏ భాష వదిలితే అదే వచ్చేది, పిల్లల ఛానళ్ళలో ఎక్కువగా హిందీ. నాకొచ్చిన నాలుగు ముక్కల హిందీ ఆ పుణ్యమే. వేసవి సెలవుల్లో మాత్రం తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. వాళ్ళకి డిష్ ఉండేది. మా మావయ్య మొదటిసారి రిమోట్ తీసుకుని ఒక బటన్ నొక్కగానే భీమ్ తెలుగులో మాట్లాడాడు. నాకప్పుడు ఆరేళ్ళు ఉంటాయేమో. భీమ్‌కి తెలుగొచ్చని నాకు ఆ రోజే తెలిసింది! షిన్‌చాన్ కూడా తెలుగే, వాళ్ళమ్మ తిట్లు కూడా తెలుగే. పూర్తిగా పిల్లల కోసమే తెలుగు ఛానల్ ఖుషీ టీవీ ఉండనే ఉంది, అది 2009లో మొదలైంది.

అసలు విషయం ఏమిటంటే, తెలుగులో వస్తే నేను ఒక్కణ్ణే చూడలేదు. అమ్మమ్మ కూడా చూసేది. వంటింట్లోంచి కూరలు తెచ్చుకుని టీవీ ముందు కింద కూర్చుని తరుక్కుంటూ, "ఆ కాలియాగాడికి ఇంకా బుద్ధి రాలేదంట్రా?" అని అడిగేది. నోబితా ఏడుస్తుంటే "చదువుకోకపోతే అంతేనమ్మా" అని నాకు వినపడేలా అనేది. షిన్‌చాన్ అంటే మాత్రం ఆవిడకి గిట్టదు, "ఎవరు కన్నార్రా వీణ్ణి" అని తిట్టేది, కానీ లేచి వెళ్ళేది కాదు. ఒక జపాన్ పిల్లవాడు తెనాలిలో ఒక ముసలావిడతో తిట్లు తినడం ఆ బటన్ వల్లే సాధ్యమైంది.

ఇంకో సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నా తెలుగులో చాలా భాగం పుస్తకాల్లోంచి రాలేదు. మా బళ్ళో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్ళు, తెలుగు పీరియడ్‌లో తప్ప. అదీ పరీక్షకి బట్టీ. "తిక్క కుదిరింది", "తోక ముడిచాడు", "పప్పులో కాలేశావ్" లాంటి మాటలు నేను మొదట విన్నది కార్టూన్ డబ్బింగ్‌లో. విన్నది అక్కడ, అర్థం అడిగింది అమ్మమ్మని, వాడింది మావయ్య కొడుకు మీద. అలా మూడు చోట్ల తిరిగితేనే మాట నాలుక మీద నిలిచింది. ఆ డబ్బింగ్ మాటలు రాసినవాళ్ళెవరో నాకు తెలియదు. గొంతులిచ్చినవాళ్ళ పేర్లు నేనెప్పుడూ తెర మీద చూడలేదు. పాత్ర పెదాలు ఆగే లోపు తెలుగు వాక్యం ముగించాలి, అది పిల్లలకి నవ్వు తెప్పించాలి, వినడానికి ఇంట్లో మాటలా ఉండాలి. ఇది చిన్న పని కాదు. ఇవాళ నేను ఈ పత్రికకి రాస్తున్నానంటే, ఎక్కడో రికార్డింగ్ గదిలో ఆ తెలుగు పలికినవాళ్ళకి నేను బాకీ ఉన్నాను.

అందుకే నా అభిప్రాయం ఇది. మన తరానికి దొరికింది గొప్ప కార్టూన్లు కాదు. మన భాషలో కార్టూన్లు. నాన్నల తరానికి అర్థం కాని హిందీ దక్కింది. మన తర్వాతి వాళ్ళకి ఏం దక్కుతోందో మా పిన్ని కొడుకుని చూస్తే తెలుస్తుంది.

వాడి ముద్దుపేరు చెర్రీ, ఐదేళ్ళు. ఉండేది అమెరికాలో కాదు, హైదరాబాద్ మియాపూర్‌లో. పిన్నీ బాబాయ్ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. కానీ వాడితో మాత్రం ఇంగ్లీష్. స్కూల్లో ఇంగ్లీష్, ట్యాబ్‌లో ఇంగ్లీష్. అన్నం తినేటప్పుడు ట్యాబ్, నిద్రకి ముందు ట్యాబ్. వాడు చూసే బొమ్మలు మనం చూసినవాటికన్నా అందంగా ఉంటాయి, ఆ రంగులు, ఆ వెలుగు నీడలు చూస్తే నాకే కుళ్ళు పుడుతుంది. కానీ చెవులకి హెడ్‌ఫోన్స్, వాడి పక్కన ఎవరూ కూరలు తరగరు.

మొన్న అమ్మమ్మ తెనాలి నుంచి వీడియో కాల్ చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చెర్రీ ఉత్సాహంగా "అమ్మమ్మా, ఐ సా ఎ బిగ్ డిగ్గర్ టుడే, ఇట్ వాజ్ ఎల్లో" అని చెప్పుకుపోతున్నాడు. అమ్మమ్మ కాసేపు నవ్వుతూ చూసి, "వీడేమంటున్నాడే?" అని పిన్నిని అడిగింది. పిన్ని చెప్పింది. "ఓహో పొక్లెయినరా! మన కాలవ దగ్గర కూడా తవ్వుతున్నారు కన్నా" అని అమ్మమ్మ మొదలెట్టేసరికి వాడు వెళ్ళిపోయాడు. మధ్యలో తర్జుమా చేసేవాళ్ళు ఉంటే తప్ప వాళ్ళిద్దరికీ కబుర్లు లేవు. అమ్మమ్మకి డెబ్భై రెండేళ్ళు. వాడికి తెలుగు ఎప్పుడో తర్వాత నేర్పుకోవచ్చులే అనుకోవడానికి లేదు.

కార్టూన్‌కి ఇంత సీన్ ఉందా, భాష ఇంట్లో నేర్పాలి గానీ టీవీ మీద పడతావేంటి అని మీరు అనొచ్చు. నిజమే, తప్పంతా ట్యాబ్‌ది అనను. కానీ పిల్లల బొమ్మల శక్తిని ప్రభుత్వాలే గుర్తించిన సందర్భం ఉంది. బంగ్లాదేశ్‌లో పిల్లలు డోరెమాన్ చూసి హిందీ మాట్లాడేస్తున్నారని, 2013లో ఆ దేశం హిందీ డోరెమాన్ ప్రసారాన్నే ఆపేసింది. భాష కోసం 1952లో ప్రాణాలిచ్చిన ఊరు ఢాకా, వాళ్ళ భయం వాళ్ళది. నిషేధాలు నాకు నచ్చవు. కానీ ఒక నీలం రంగు పిల్లి బొమ్మ ఒక దేశాన్ని భయపెట్టిందంటే, అది పిల్లల నోట్లో మాటలు పెట్టగలదనేగా అర్థం?

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను. మనకి బొమ్మలు చేయడం రాక ఇలా అయిందా అంటే, కాదు. ఛోటా భీమ్ పుట్టింది ముంబైలోనో ఢిల్లీలోనో అని మా రూమ్‌లో సగం మంది అనుకుంటున్నారు. అది మన హైదరాబాద్‌లో పుట్టింది. రాజీవ్ చిలక 2001లో ఇక్కడ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు, 2008లో పోగో ఛానల్‌లో భీమ్ వచ్చాడు. మోగ్లీని మళ్ళీ త్రీడీలో తెచ్చిన 2010 నాటి జంగిల్ బుక్ సీరియల్ హైదరాబాద్ కంపెనీ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్‌ది. 2013లో ఆస్కార్ అందుకున్న లైఫ్ ఆఫ్ పై సినిమా గ్రాఫిక్స్‌లో హైదరాబాద్ కుర్రాళ్ళ చేతులున్నాయి. ఆ పని చేసిన అమెరికా కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్‌కి ఇక్కడ స్టూడియో ఉండేది. ఆస్కార్ వేదిక ఎక్కడానికి కొద్ది రోజుల ముందే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అది వేరే విషాదం.

అంటే చేతులు మనవి. చేసిన ఊరు మనది. కానీ భీమ్ దేశమంతటికీ వెళ్ళింది హిందీలో. ఊరి పేరు ఢోలక్‌పూర్, మిఠాయి కొట్టు ఆవిడ టున్‌టున్ మౌసీ. మనకి అందింది మన ఊళ్ళో తయారైన బొమ్మకి డబ్బింగ్. మన పొలంలో పండిన బియ్యం ఎక్కడికో వెళ్ళి సంచీ మార్చుకుని మన కిరాణా కొట్టుకే వచ్చినట్టు. నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు. ఛానల్ దేశం మొత్తానికి ఒకటే అయినప్పుడు, డబ్బు పెట్టేవాడు ఎక్కువ మంది చూసే భాష మీదే పెడతాడు. తర్వాత మైటీ లిటిల్ భీమ్ అని 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, అందులో భీమ్ పాకే పసివాడు. డైలాగులే లేవు. ప్రపంచమంతా చూసింది, డబ్బింగ్ అవసరమే రాలేదు. వ్యాపారంగా చూస్తే తెలివైన పని. కానీ గమనించండి, మన ఊరి బొమ్మ హిందీ నుంచి మౌనానికి వెళ్ళింది. మధ్యలో తెలుగు దగ్గర ఆగలేదు.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. అమ్మమ్మ వాళ్ళ ఊరు తెనాలి అన్నాను కదా. చందమామ పత్రిక వెనక ఉన్న చక్రపాణి గారిదీ, దాన్ని ఏళ్ళ తరబడి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ ఆ ఊరి గాలే. 1947లో ఆ పత్రిక తెలుగు, తమిళాల్లో మొదలైంది. తర్వాత హిందీతో సహా పదికి పైగా భాషల్లోకి వెళ్ళింది. అంటే ఒకప్పుడు పిల్లల కథ మన దగ్గర పుట్టి హిందీలోకి తర్జుమా అయ్యేది. మన తరం వచ్చేసరికి ఆ బాణం గుర్తు తిరగబడింది. చందమామ కూడా ఇప్పుడు రావడం లేదు.

ఇప్పుడు పరిస్థితి మరీ అంత నిరాశగా ఏం లేదు అనేవాళ్ళున్నారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. రామోజీ గ్రూప్ వాళ్ళ ఈటీవీ బాలభారత్ 2021లో తెలుగుతో సహా చాలా భాషల్లో మొదలైంది. యూట్యూబ్ నిండా తెలుగు రైమ్స్ ఉన్నాయి. 2025 జూలైలో వచ్చిన మహావతార్ నరసింహ యానిమేషన్ సినిమాకి హైదరాబాద్‌లో టికెట్లు దొరకలేదు, నేను తెలుగులో రెండోసారి ప్రయత్నిస్తే గానీ చూడలేకపోయాను. థియేటర్‌లో ముసలివాళ్ళు చెప్పులు విప్పి కూర్చున్నారు. మన దేశంలో బొమ్మల సినిమాకి అంత మంది వస్తారని ఎవరూ అనుకోలేదు.

సంతోషమే. కానీ నాకు రెండు సందేహాలు. ఒకటి, రైమ్స్ మూడేళ్ళ వాడికి సరిపోతాయి, నరసింహుడు ఇంటిల్లిపాదికీ సరిపోతాడు. ఐదు నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకి రోజూ కబుర్లు చెప్పే బొమ్మ ఏది? హోంవర్క్ ఎగ్గొట్టే పిల్ల, ఆటోలో స్కూలుకి వెళ్ళే పిల్లలు, సందులో క్రికెట్ ఆడి అద్దం పగలగొట్టే గ్యాంగు, మన ఊళ్ళో, మన తెలుగులో ఏరి? జపాన్ వాడు తన వీధిలో మామూలు పిల్లవాడి గురించి చెప్తే మనం తెనాలిలో కూర్చుని చూశాం. మన వీధి గురించి మనమే చెప్పుకోలేదు. రెండు, దేవుళ్ళు మాట్లాడే తెలుగు వేరు. హిరణ్యకశిపుడి డైలాగు చెర్రీ వాళ్ళ స్కూల్ బస్‌లో వాడలేడు. వాడికి కావాల్సింది "పప్పులో కాలేశావ్".

సరే, ఏఐ వచ్చింది కదా, ఉన్నవన్నీ దానితో తెలుగులోకి మార్చేస్తే పోలా అంటారు మా బ్రాంచి వాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టుగా ముగ్గురం కలిసి అదే చేశాం. ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్స్ ఇచ్చిన చిన్న ఇంగ్లీష్ కార్టూన్ ముక్క తీసుకున్నాం. మాటల్ని అక్షరాలుగా మార్చడానికి ఒక మోడల్, తర్జుమాకి ఒకటి, మళ్ళీ గొంతుగా మార్చడానికి ఇంకొకటి. మూడింటినీ గొలుసుకట్టులా కలిపాం. డెమోలో మార్కులు బాగానే వచ్చాయి. గర్వంగా ఆ వీడియో అమ్మమ్మకి పంపాను. అందులో ఒక తల్లి కొడుకుని బడికి తొందరపెడుతుంది. మా సిస్టమ్ ఆమె చేత "మీరు దయచేసి త్వరపడండి" అనిపించింది.

అమ్మమ్మ ఫోన్ చేసింది. "ఆ తల్లి కొడుకుని మీరు అంటదేంట్రా? వాడేమన్నా ఇంటికొచ్చిన అల్లుడా?"

మార్కులు తెచ్చిన మా ప్రాజెక్టుకి అసలైన వైవా అదే. ఇంగ్లీష్‌లో అందరికీ ఒకటే యూ. తెలుగులో నువ్వు, మీరు, ఒరేయ్, ఏమే, నాయనా, కన్నా, ఎవరు ఎవరితో ఏ మూడ్‌లో ఉన్నారో తెలిస్తేనే ఏది వాడాలో తెలుస్తుంది. మోడల్‌కి మేం ఇచ్చింది వాక్యాలు, ఇంటిని కాదు. అది చూసిన తెలుగులో ఎక్కువ భాగం వార్తలు, వెబ్ పేజీలు. వంటింటి తెలుగు దానికి ఎవరూ రాసి పెట్టలేదు. మోడల్స్ బాగుపడతాయి, అందులో నాకు అనుమానం లేదు. కానీ బాగుపడాలంటే ఎవరో ఒకరు ఆ తెలుగు రాయాలి. రాయకుండా మెషిన్ చూసుకుంటుందిలే అనుకుంటే, మన పిల్లలకి అల్లుళ్ళకిచ్చే మర్యాదే మిగులుతుంది.

డబ్బు సంగతీ అడుగుతారు. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ఫ్లో అనే సినిమా లాత్వియా దేశపు దర్శకుడిది. ఆ దేశ జనాభా ఇరవై లక్షల కన్నా తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైమాటే. ఆ సినిమా ఖర్చు సుమారు 35 లక్షల యూరోలు, హాలీవుడ్ లెక్కలో చిల్లర. వాడిన సాఫ్ట్‌వేర్ బ్లెండర్. అది పూర్తిగా ఉచితం, మన కాలేజ్ ల్యాబ్‌లో ఇవాళ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫ్లోలో కూడా మాటలు లేవు అని మీరు గుర్తు చేయొచ్చు. అవును, అందులో ఉన్నది పిల్లి, దాని తోటి జంతువులు. దానికి మాటలు అక్కర్లేదు. చెర్రీకి కావాలి.

దసరా సెలవుల్లో తెనాలి వెళ్ళాం, పిన్ని వాళ్ళు కూడా వచ్చారు. చెర్రీ ట్యాబ్‌తో ఒక మూల కూర్చున్నాడు. నేను వాడి హెడ్‌ఫోన్స్ పీకేసి, సౌండ్ తగ్గించేసి, ఆ బొమ్మలకి నేనే డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టాను. మొదట వాడు అరిచాడు. తర్వాత ఊరుకున్నాడు. ఒక కుక్క బురదలో పడగానే అమ్మమ్మ వెనక నుంచి "తిక్క కుదిరిందా!" అంది. వాడు ఫక్కున నవ్వాడు. "వాట్ ఈజ్ తిక్క?" అన్నాడు. అది ఇంగ్లీష్‌లో చెప్పడం నా వల్ల కాలేదు. అమ్మమ్మ వల్ల అసలే కాదు, అందుకని ఆవిడ చేసి చూపించింది. మర్నాడు బాబాయ్ కాఫీ వొలకబోసుకుంటే వీడు వెళ్ళి "డాడీ, తిక్క కుదిరిందా?" అన్నాడు. సందర్భం కొంచెం తప్పే గానీ, మాట మాత్రం నాలుక మీదకి వచ్చేసింది.

అందుకే "మన చిన్నప్పటివే గొప్ప" అని రీల్స్ పంచుకోవడం మీద నాకు కోపం లేదు, కానీ అక్కడితో ఆపితే మాత్రం ఒప్పుకోను. మనకి పేరు తెలియని ఎవరో మన కోసం ఆ తెలుగు పలికారు. ఇప్పుడు ఆ పని చేసే వయసు మనకొచ్చింది. మన క్లబ్‌లో కథలు రాసేవాళ్ళున్నారు, గొంతులున్నవాళ్ళున్నారు. మా బ్రాంచిలో బ్లెండర్ వచ్చినవాళ్ళు కనీసం నలుగురు నాకు తెలుసు. వచ్చే సెమిస్టర్‌లో మూడు నిమిషాల బొమ్మ ఒకటి చేద్దాం. ఆటోలో స్కూలుకి వెళ్ళే పిల్లల కథ. తల ఒక్కటే కదిలినా ఫర్వాలేదు, కాలర్ పెట్టేద్దాం. తెలుగు మాత్రం ముందు రాసుకుందాం, తర్వాత కావాలంటే హిందీ వాళ్ళు డబ్బింగ్ చేసుకుంటారు.

ఆసక్తి ఉన్నవాళ్ళు గురువారం సాయంత్రం క్లబ్ మీటింగ్‌కి రండి. స్క్రిప్ట్ సరిచూడటానికి తెనాలిలో ఒకావిడ ఉన్నారు. మార్కులు చాలా టైట్‌గా వేస్తారు.